తిప్పమ్మ చెప్పిన ఉప్పు

ఉసిరికాయ కొరికిన తర్వాత మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయి. పాలు తాగే పిల్లలకు తప్ప ఈ సంగతి అందరికీ తెలుసు. కరోనా రెండోసారి ఊళ్ళమీద పడ్డ ఏడాది, ఆశ్వయుజ మాసంలో ఒక పొద్దున, తోట యజమానురాలు బాలనాగమ్మ తొలికాయ కొరికి, చెంబెడు నీళ్ళు తాగి, చెట్టు కింద అట్లాగే నిలబడిపోయింది. ఇంకో కాయ కొరికింది. ఇంకో చెంబు తాగింది. మూడో కాయ నమిలి, ఉమ్మేసి, ఉమ్మినదాన్ని వంగి చూసింది. పక్కన పాదులు తవ్వుతున్న తిప్పమ్మ పార ఆపింది.

"ఏమక్కా, కాయలో పురుగేమన్నా ఉండాదా?"

"నా నోట్లో ఏముంటే నీకెందుకే? నీ పాదు చూసుకో."

తిప్పమ్మ పాదు చూసుకుంది. ముప్పయ్యెనిమిదేళ్ళుగా ఆ తోటలో ఆమె చేస్తున్నది అదే.

ఆ తోట పరిగికి మూడు మైళ్ళ దూరం. అయిదెకరాలు. నడుమ నలభై ఉసిరిచెట్లు, కంచె పొడుగునా సీతాఫలాలు. తిప్పమ్మ పదిహేడో ఏట, గొర్రెలు మేపుకునే ఇంట్లోంచి, తోట కాపలాదారు ఓబుళప్పకు పెళ్ళామై వచ్చింది. బోరుబావి పక్కనున్న మోటారు రూమే కాపురం. మోటారు ఒక పక్క, పొయ్యి ఒక పక్క. కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు మోతకు ఉలిక్కిపడి ఏడ్చే బిడ్డ మల్లికను, కరెంటు పోతే నిద్రలేచి ఏడ్చేదాకా అలవాటు చేసింది. బోరు ఎండిపోయిన రెండేళ్ళు, అరమైలు దూరంలోని వంక చెలమలోంచి బిందెలతో నీళ్ళు మోసి ఆ నలభై చెట్లనూ బతికించింది. ఏ చెట్టు ఏ పక్క వంగి ఉందో, ఏ చెట్టు కాయ ముందు పసుపెక్కుతుందో కళ్ళు మూసుకొని చెప్పగలదు.

ఆరేళ్ళ కిందట ఓబుళప్ప జ్వరంతో పోయినప్పుడు, అప్పటికి ఇంకా బతికే ఉన్న బాలనాగమ్మ మొగుడు, "ముప్పయ్యేండ్లు మా తోట కాపలా కాసినాడు, ఇంకా కాయనీలే" అని, కంచె మూలన సీతాఫలం చెట్టు కింద ఆరడుగుల చోటు చూపించాడు. అక్కడే పూడ్చారు. తిప్పమ్మ ప్రతి సాయంత్రం అక్కడ దీపం పెట్టి, ఆనాడు జరిగినవన్నీ చెప్పి, "సరేనా" అని లేచి వచ్చేది.

బాలనాగమ్మను తిప్పమ్మ అక్కా అనే పిలిచేది. ఆ పిలుపును బాలనాగమ్మ ఎప్పుడూ కాదనలేదు. అట్లని తిప్పమ్మ గ్లాసు లోపలికి రానూ లేదు; అది పెరటి గోడమీద బోర్లించి ఉండేది, వానకు తడిసి ఎండకు ఎండేది. తొక్కు కోసం కాయలు నీడన ఆరబోసిన రోజుల్లో బాలనాగమ్మ అరుగుమీద కూర్చొని కేకేసేది: "తిప్పీ! నీ నీడ కాయలమీద పడతాంది. అట్ల జరుగు. ఇంకా. ఇంకా. కంచె దాటే దాకా జరుగు, నీ సొమ్మేం పోతాది!" కూలికి వచ్చిన ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. తిప్పమ్మ కూడా నవ్వేది. ఇంకేం చేస్తుంది?

ఆ ఇంటి ఉసిరి తొక్కు సంగతి చెప్పాలి. అమ్మకానికి పోయే కాయ పోగా, మంచి కాయ ముప్పై సేర్లు ఇంటికి ఆపుతారు. కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, రోట్లో కల్లుప్పు, పసుపు వేసి దంచుతారు. మూడో నాడు గింజలు ఏరేసి, మళ్ళీ దంచి, నడుమెత్తు జాడీకి ఎత్తి, గుడ్డ వాసెన కడతారు. కార్తీకంలో రెండో సోమవారం తోటలో వనభోజనాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల నుంచి చుట్టాలంతా దిగుతారు. ఆదివారమైతే ఉద్యోగస్తులకు వీలే గానీ, ఆదివారం ఉసిరికాయ నోట పెట్టకూడదు. కాబట్టి వాళ్ళంతా సెలవు పెట్టుకొని సోమవారమే రావాలి. ఉసిరిచెట్టు మొదట్లో దేవుడికి మొదటి ముద్ద పెట్టాకే జాడీలోది ఎవరైనా నాలిక మీద వేసుకోవాలి. అంతవరకూ రుచి చూడటమంటే ఎంగిలి చేసినట్టే.

మరి రుచి చూడకుండా ఉప్పు సరిపోయిందని ఎట్లా తెలుస్తుంది? అక్కడే ఉంది ఆ ఇంటి ఆడవాళ్ళ గొప్ప. ఉప్పు కొలత ఏ ఏటికాయేడు మారుతుంది. వానలు కురిసిన ఏడు కాయలో నీరెక్కువ, ఉప్పు ఎక్కువ పట్టాలి. బెట్టకు పండిన కాయకు తక్కువ చాలు. తక్కువైతే బూజు, ఎక్కువైతే చేదు. ఉప్పు వేసే చెయ్యి ఎవరిదో, సామాన్ల గది తాళంచెవి ఆ నడుముకు ఉంటుంది. "మేం వాసన చూసి చెప్తాం, చేత్తో పిసికి చెప్తాం" అని బాలనాగమ్మ అనేది. అది ఒట్టి మాట. తలుపు వేసుకొని చిటికెడు నాలిక మీద వేసుకునేది. అంతకుముందు ఆమె అత్తా అదే చేసింది. ఆ ఇంట్లో దేవుడికి ఏటేటా ఎంగిలే పెడుతున్నారు, దేవుడేమీ అనుకోలేదు.

ఆ అత్త కళ్ళకు పొర కమ్మిన ఏడు, ఉప్పులో రాళ్ళు చూసుకోలేదని, పంక్తి మొత్తం చూస్తుండగా బాలనాగమ్మ ఆమె నడుము నుంచి తాళంచెవి లాగి తన నడుముకు దోపుకుంది. ముసలామె ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. ఆ మూడేళ్ళూ రవంత తొక్కు కావాలన్నా కోడల్ని అడుక్కొని తినింది. ఒకసారి అడిగితే వేసేది కాదు బాలనాగమ్మ. "ఏందీ? వినపల్లా" అనేది.

ఇప్పుడు బాలనాగమ్మకూ ఒక కోడలుంది. కొడుకు సురేష్ పెళ్ళాం, చందన. తాళంచెవి వైపు చందన చూసే చూపును తిప్పమ్మ కూడా గమనించింది.

ఆ ఏడాది దంపుడు రోజు మధ్యాహ్నం, ఇంట్లో అందరూ తిని నడుం వాల్చిన వేళ, బాలనాగమ్మ చీర కొంగు కింద గిన్నె దాచుకొని మోటారు రూము వెనక్కి వచ్చింది.

"తిప్పీ, అరచెయ్యి పట్టు."

పట్టింది. వేళ్ళు తగలకుండా జానెడు ఎత్తు నుంచి చిటికెడు తొక్కు పడింది.

"నోట్లో ఏసుకొని ఉప్పెంతుండాదో చెప్పు."

తిప్పమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "అక్కా! దేవునికి పెట్టంది! నేను నోట పెడితే ఏమన్నా ఉండాదా?"

"పెట్టమని నేనే చెప్తాండా గదా."

"అమ్మాయి చందన ఉండాది గదక్కా, ఆ యమ్మను..."

బాలనాగమ్మ ఒక్క అంగలో దగ్గరికొచ్చింది. అంత దగ్గరగా ఆమె ముఖాన్ని తిప్పమ్మ ఎన్నడూ చూడలేదు. "నా నాలిక సచ్చిందే. ముక్కు సచ్చింది. ఉప్పూ తెల్దు, పులుపూ తెల్దు. మన్ను తిన్నట్టుండాది. ఈ మాట నీ నోరు దాటిందంటే, మీ ఓబుళప్పను పెట్టిన చోట దున్నించి పైపులైను ఏయిస్తా. దాటలేదంటే, నువ్వు బతికినన్నాళ్ళూ మోటారు రూము నీది. సచ్చినాక వాని పక్కనే నిన్నూ పెట్టిస్తా. ఏమంటావు?"

తిప్పమ్మ సీతాఫలం చెట్టు వైపు చూసింది. చిటికెడు తొక్కు నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఇంకా ముప్పావు సేరు పట్టాదక్కా."

బాలనాగమ్మ ముప్పావు సేరు వేసింది. ఆ ఏటి తొక్కు తిని ధర్మవరం నుంచి వచ్చిన ఆడబిడ్డ శోభారాణి, "వదినా, నీ చేతికి బంగారు కడియం చేయించాల" అంది. మరుసటేడూ అంతే. కంచె దగ్గర చివరి పంక్తిలో, పనివాళ్ళ నడుమ కూర్చున్న తిప్పమ్మకు ఆ మాటలన్నీ వినబడేవి. సాయంత్రం దీపం పెట్టి మొగుడికి చెప్పేది: "ఇన్నావా? నీ పెండ్లాం నాలికతో మూడూళ్ళోళ్ళు అన్నం తింటాండారు. నువ్వు బతికుండంగా ఒగనాడన్నా నా పులుసు బాగుందని అంటివా?"

అయితే ఆ రెండో ఏడు పంక్తి లేచేటప్పుడు శోభారాణి ఇంకో మాట కూడా అంది. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ, ఏదో ఒక వంక పెట్టకపోతే ఎట్లా? "రవంత ఉప్పు ముందుకొచ్చినట్టుండాది వదినా. అయినా బాగుండాదిలే."

అది ఊరికే అన్న మాట. కానీ తన నాలికతో సరిచూసుకోలేని మనిషికి ఊరికే అన్న మాటంటూ ఉండదు. బాలనాగమ్మ లోపల ఆ మాట ఏడాది పొడుగునా ఊరింది.

మూడో ఏడు దసరాకు ముందు నుంచీ వానలు. కాయలు నీళ్ళు తాగి గోలీల్లాగా మెరుస్తున్నాయి. దంపుడు రోజు మధ్యాహ్నం మోటారు రూము వెనక తిప్పమ్మ తొక్కు నోట్లో వేసుకుని, ఎంతకూ కళ్ళు తెరవలేదు.

"చెప్పు, బిరీన."

"శానా తక్కువుండాదక్కా. రెండు సేర్లు పట్టాది."

"రెండు సేర్లా? బుద్ధుండే మాటాడతాండావా?"

"కాయంతా నీళ్ళే గదక్కా ఈసారి. పిండితే కారిపోతాండాది. ఉప్పు తగ్గితే నిలబడదు."

బాలనాగమ్మ ఆమెను పైనుంచి కింది దాకా చూసి, ఏదో లెక్క తెలిసినట్టు తల ఊపింది. "ఇప్పుడర్థమయిందే నాకు. సంగటిలో ఉప్పుగల్లు నంజుకొని పెరిగిన నోరు మీది. పొద్దంతా చెమట్లు కక్కే ఒళ్ళు. మీకు ఉప్పంటే బెల్లం. నీకు సరిపోయిందంటే మాకు ఎక్కువని. శోభారాణి ఊరికే అన్లేదు. మీ కూలోళ్ళ నాలిక రెండు సేర్లు అడిగితే, మా ఇండ్ల నాలికకు ఒకటి చాలు."

"నాలిక అందరికీ ఒగటే గదక్కా..."

"ఒగటేనా?" బాలనాగమ్మ నవ్వింది. "అట్లయితే రేపట్నుంచి నా కంచంలోనే తిందువులే! గమ్మునుండు."

ఒక్క సేరే పడింది. జాడీ మీద వాసెన బిగిసింది. ఆ ఇరవై రోజులూ తిప్పమ్మ మొగుడి దగ్గర దీపం పెట్టి ఒకటే చెప్పేది: "నేను సెప్పాల్సింది సెప్పినా. సాక్షి నువ్వే."

రెండో సోమవారం వచ్చింది. ఉసిరిచెట్ల కింద జంపఖానాలు పరిచారు. నలభై మంది చుట్టాలు. సురేష్, ఇంకో మనిషి కలిసి జాడీని గదిలోంచి మోసుకొచ్చి చెట్టు మొదట్లో దించారు. బాలనాగమ్మ పట్టుచీర కట్టుకొని, తాళంచెవి గలగలమనేలా నడిచొచ్చి, చుట్టాల వైపు తిరిగి, వెనక చేత్తోనే వాసెన విప్పింది.

కంచె దగ్గరున్న తిప్పమ్మకు ఆ వాసన అంత దూరంలోనే తెలిసిపోయింది. పాతబడిన గోనెసంచి వానకు తడిస్తే వచ్చే వాసన.

ముందు వరసలో కూర్చున్న శోభారాణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పిల్లలు "ఛీ" అన్నారు. బాలనాగమ్మ మాత్రం చుట్టాలనే చూస్తూ, చేతులు చాచి, ఏటేటా చెప్పే మాట చెప్పింది: "చూడండి ఎట్లా గుమగుమలాడతాందో! వాసనకే ఆకలవుతాది!"

ఎవరో కిసుక్కున నవ్వారు. బాలనాగమ్మ వెనక్కి తిరిగి చూసింది. జాడీ మూతి నిండా తెల్లగా, పత్తి పరిచినట్టు బూజు.

"అత్తా," చందన మెల్లగా అంది. మెల్లగానే, కానీ నలభై మందికీ వినబడేలాగ. "నీకు వాసన రాలేదా?"

ఆ ఒక్క ప్రశ్నతో అంతా అయిపోయిందనుకుంది తిప్పమ్మ. పాపం అక్క అని కూడా అనుకుంది. నిజంగా అనుకుంది.

బాలనాగమ్మ ఊపిరి రెండుసార్లు పీల్చింది. మూడోసారికి చెయ్యెత్తి కంచె వైపు చూపించింది.

"వాసనా? వాసన నాకు పది రోజుల ముందే వచ్చింది. నలుగురిలో తెలియల్లనే జాడీ ఈడికి తెప్పించినా. అడగండి దాన్ని! ఆ తిప్పిని అడగండి! దేవునికి పెట్టే తొక్కును దొంగగా నోట పెట్టింది. నా కండ్లతో చూసినా. ఎంగిలి పడినాక నిలుస్తాదా ఏ తొక్కయినా?"

నలభై తలలు ఒకేసారి తిరిగాయి. సురేష్ నాలుగు అంగల్లో కంచె దగ్గరికి వచ్చాడు. చిన్నప్పుడు అతన్ని చంకనెత్తుకొని ఈ చెట్ల కిందే ఆడించింది తిప్పమ్మ.

"నిజమేనా తిప్పమ్మా? తొక్కు నోట పెట్టినావా?"

పెట్టలేదంటే అబద్ధం. తిప్పమ్మకు ఎప్పుడు ఏ అబద్ధం చెప్పాలో తెలియదు. "పెట్టినానప్పా," అంది. "అక్క పెట్టమంటేనే పెట్టినా."

శోభారాణి పకపకా నవ్వింది. "ఇనండమ్మా! దేవునికంటే ముందు దీనికి పెట్టిందంట మా వదిన! ఇంకేం పెట్టింది? హారతి కూడా ఇచ్చిందా?"

పంక్తి మొత్తం నవ్వింది. పనివాళ్ళ పంక్తి కూడా కొంచెం నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. తిప్పమ్మ బాలనాగమ్మ వైపు చూసింది. ఆమె చూపు తిప్పుకోలేదు. తిప్పమ్మ కళ్ళలోకే చూస్తూ, కాలి బొటనవేలితో సీతాఫలం చెట్టు వైపు నేలమీద చిన్న గీత గీసింది. నాగలి గీసినట్టు.

తిప్పమ్మ చూపు ఆ గీత వెంట చెట్టు దాకా పోయింది.

మైలపడిన జాడీని ఇంకెవరూ ముట్టరు గదా, అందుకని తిప్పమ్మ చేతనే దాన్ని కాలవ దాకా దొర్లించి ఒంపించారు. తర్వాత పసుపునీళ్ళు పోసి, గోమూత్రం చల్లి, ముత్తాతల నాటి జాడీ కదా అని జాగ్రత్తగా గదిలో పెట్టుకున్నారు. జాడీ కడిగితే పోయింది. తిప్పమ్మను కడిగే నీళ్ళు మాత్రం ఆ బోరులో లేకపోయాయి. పొద్దు వాలకముందే మోటారు రూము ఖాళీ చేయించారు. నలభయ్యేళ్ళ కాపురం రెండు మూటలయింది. పోతూ పోతూ దీపం పెడతానంటే చందన గేటు దగ్గర అడ్డం నిలబడింది. "ఇంత చేసినాక మళ్ళా తోటలోకేమి? పో, బస్సు పోతాది."

పరిగిలో మల్లికది ఒక్క గది ఇల్లు. అల్లుడు మంచివాడే. మంచివాళ్ళ ఇంట్లో ఉండటం కష్టం, వాళ్ళు ఏమీ అనరు. తిప్పమ్మ శెనక్కాయల మిషను దగ్గర గింజలు ఏరే పనికి పోయేది. అక్కడి ఆడవాళ్ళకు సంగతి ఆమెకంటే ముందే చేరింది. "తిప్పమ్మక్కా, ఈ గింజ రుచి చూసి పెట్టు, దేవునికి పంపాల!" అని ఒకతె, "వద్దమ్మో, మిషనుకు బూజు పడతాది!" అని ఇంకొకతె. తిప్పమ్మ నవ్వేది. మల్లిక ఒక రాత్రి అన్నం పెడుతూ అడిగింది.

"ఆ యమ్మే తినమనిందని గట్టిగా యాల సెప్పలేదమ్మా?"

"సెప్తే మీ నాయన మీద పైపులు పరుస్తాదంట."

"పరిస్తే పరవనీ. నాయనకు తెలస్తాదా?"

"నాకు తెలస్తాది గదా" అంది తిప్పమ్మ.

ఏడాది తిరిగింది. మళ్ళీ ఆశ్వయుజం. మళ్ళీ వానలు. ఒక మధ్యాహ్నం మల్లిక ఇంటి ముందు ఆటో ఆగింది. బాలనాగమ్మ దిగింది, చేతిలో క్యారియర్ గిన్నె. ఏడాదిలో చిక్కిపోయింది. మనిషికి రుచి తెలియకపోతే అన్నం ఎట్లా పోతుంది లోపలికి? కానీ నడుమున తాళంచెవి ఉంది. గడప లోపలికి రాలేదు. మంచినీళ్ళు ఇస్తే, "వద్దు" అని గ్లాసు వైపు చూడకుండానే అంది.

"తిప్పీ, పోయిన ఏటిది మనసులో పెట్టుకోవద్దు. ఆ పొద్దు నాకు ఇంకో దావ లేకపోయింది."

తిప్పమ్మ గ్లాసు లోపల పెట్టి వచ్చింది.

"చందన నన్ను కాసుకొని కూర్చుండాది. ఈసారి తొక్కు చెడితే నా బతుకు మా అత్త బతుకే. ఇది రుచి చూసి చెప్పు. తొక్కు నిలబడిందా, రెండో సోమవారం పొద్దున్నే నీ మూటలు తెచ్చుకో. మోటారు రూము నీదే. మూడూళ్ళ ముందర నేనే చెప్తా, తిప్పి తప్పేమీ లేదు అని. లేపాక్షి వీరభద్రుని మీద ఒట్టు."

"అక్కా, మా ఆయప్ప..."

"వాడు ఆడనే ఉండాడు. యాడికీ పోలేదు. దున్నలేదు."

తిప్పమ్మ అరచెయ్యి చాచింది. జానెడు ఎత్తు నుంచే పడింది ఈసారి కూడా. నోట్లో వేసుకుంది. ఏడాది తర్వాత తన చెట్ల కాయ. ఇది కంచె వైపు మూడో చెట్టుదని కూడా తెలిసింది ఆమెకు. చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఆ కాసేపట్లో ఆమె అనుకుంటే ఎన్నో చేయగలదు. సరిపోయింది అనొచ్చు. అరసేరు అనొచ్చు. ఒక్క మాటతో ఆ తాళంచెవిని చందన నడుముకు పంపొచ్చు. మిషను దగ్గరి ఆడవాళ్ళయితే అదే చేయమని చెప్పేవాళ్ళు. కానీ ఆమెకు కావాల్సింది మోటారు రూము. తొక్కు నిలబడితేనే మోటారు రూము.

"సేరున్నర పట్టాది," అంది. "రవంత కూడా తగ్గొద్దక్కా."

బాలనాగమ్మ ఆమె ముఖంలోకి చూసింది. అట్లా చూస్తూ చూస్తూ కళ్ళు చిన్నవి చేసింది.

"నిజమే చెప్తాండావా?"

"నా బిడ్డ మీద ఒట్టు."

"ఊళ్ళో తలెత్తుకోకుండా చేసినా నిన్ను. మొగుని దగ్గర దీపం పెట్టనీలేదు. అయినా నిజమే చెప్తాండావు?"

"నిజమేనక్కా."

బాలనాగమ్మ గిన్నె మూత బిగించింది. ఆటో ఎక్కి కూర్చొని, ఆటో కదిలేముందు, తనలో తను అనుకుంటున్నట్టు అంది: "నీ జాగాలో నేనుంటే చెప్పను తిప్పీ."

ఆటో పోయింది. తిప్పమ్మ ఆ మాటను ఎట్లా అర్థం చేసుకోవాలో తెలియక, లోపలికి పోయి, బాలనాగమ్మ తాగని గ్లాసు నీళ్ళు తాగింది. తియ్యగా ఉన్నాయి.

రెండో సోమవారం కోడి కూయకముందే తలస్నానం చేసి, రెండు మూటలూ కట్టి, దీపపు కుంది కొంగున ముడేసుకొని, మొదటి బస్సు ఎక్కింది. తోట దగ్గర దిగి కంచె వెంట నడిచింది. ముందు మొగుణ్ణి చూసుకుంది. సీతాఫలం చెట్టు కింద ఎవరూ దున్నలేదు, నిజమే. గడ్డి మాత్రం మోకాలెత్తు పెరిగింది. "వచ్చినా ఉండు" అంది కంచె ఇవతలి నుంచే.

గేటుకు ఇంకా పదిహేను అడుగులు ఉందనగా ఆ వాసన వచ్చింది. తడిసిన గోనెసంచి వాసన.

కాలవలో ఒంపారు. రాత్రే ఒంపినట్టున్నారు. పసుపు పచ్చని ముద్ద మీద తెల్లటి బూజు, చీమ కూడా ముట్టలేదు. తిప్పమ్మ మూటలు దించి, వంగి, బూజు పక్కకు నెట్టి, చిటికెడు తీసి నాలిక చివర పెట్టుకుంది. అరసేరు. అరసేరే పడింది. సేరు తగ్గింది. పగతో ఎక్కువ చెప్పి తొక్కు చేదెక్కించాలని చూస్తోందనుకొని, తిప్పమ్మ మాటలో సేరు కోసుకుంది బాలనాగమ్మ.

ఉమ్మేసి తలెత్తేసరికి గేటు దగ్గర చందన. నడుమున తాళంచెవి.

"ఏం తిప్పమ్మా, చూసేదానికి వచ్చినావా?"

"అమ్మాయీ, ఈసారి నేను ముట్టనే లేదు," అంది తిప్పమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో ఒక ఆశ ఉంది. "తోటలో కాలే పెట్టలేదు. అయినా చెడింది. ఇప్పుడన్నా తెలిసిందా, నా ఎంగిలి వల్ల కాదని?"

"అవును, ఈసారి ఎంగిలి కాదు," చందన తల ఊపింది. "ఏడుపు. ఏడాది పొడుగునా పరిగిలో కూర్చొని ఏడ్చినావు గదా, అది తగిలింది. ముట్టకుండానే ఇంత చేస్తివే!"

చందన వెనక, చెట్ల కింద, రాత్రే దిగిన చుట్టాలకు పొద్దుటి పంక్తి వేశారు. చివర బాలనాగమ్మ ముందు కూడా ఆకు ఉంది. ఆకులో ఒక మూల, హిందూపురంలో కొన్న సీసాలోని ఎర్రటి మామిడికాయ ఊరగాయ. బాలనాగమ్మ దాన్ని అన్నంలో కలుపుకొని తింటోంది, ముఖంలో ఏ మార్పూ లేకుండా. తింటూ గేటు వైపు చూసింది. తిప్పమ్మను చూసింది. మూటలను చూసింది. మళ్ళీ ఆకులోకి చూసుకుంది.

"అక్కా!" తిప్పమ్మ గేటు కమ్మీలు పట్టుకొని పిలిచింది. "సేరున్నర అని సెప్పలేదా అక్కా నేను?"

"ఏందీ?" అంది బాలనాగమ్మ ఆకులోంచి తలెత్తకుండా. "వినపల్లా."

మోటారు రూములో పైపులు పెట్టుకున్నామని, తాళం కూడా వేశామని చందన చెప్పింది. నిలబడి ఉండొద్దని కూడా చెప్పింది, పిల్లలు అన్నాలు తింటున్నారు గదా అని.

తిప్పమ్మ మూటలు ఎత్తుకుంది. కంచె వెంట వెనక్కి నడిచి, సీతాఫలం చెట్టుకు ఎదురుగా, కంచె ఇవతల రోడ్డు వారన దీపం వెలిగించింది. లారీ పోయిన గాలికి ఆరింది. మళ్ళీ వెలిగించింది. బస్సు వచ్చింది.

ఇంటికి పోయేసరికి మల్లిక వాకిట్లో అంట్లు తోముతోంది. తల్లినీ, తల మీది మూటలనూ చూసి చేతులు ఆపింది.

"ఏమ్మా, మళ్ళా వచ్చినావు?"

"ఉప్పు తక్కువైంది," అంది తిప్పమ్మ. మూటలు గోడ మేకుకు తగిలించి, కొంగు బిగించి, మిషను పనికి పొద్దు మించలేదు కదా అని బయటికి తొంగి చూసింది.